పాత ఇంటికి కొత్త కిటికీలు: కమిషన్ ముందు ఎవరి పక్షాన నిలబడాలి?

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు పంపిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఇంట్లో భర్త, పన్నెండేళ్ళ కూతురు, మూడేళ్ళ కొడుకు, అత్తగారు. చాలాకాలం ఎడిసన్‌లో అపార్ట్‌మెంటులో ఉండి, రెండేళ్ళ క్రితం రైలు స్టేషను ఉన్న ఒక పాత ఊళ్ళో చెక్కతో కట్టిన పాతకాలపు ఇల్లు కొన్నారు. ఆ వీధి మొత్తం ఊరి చారిత్రక ప్రాంతం కిందికి వస్తుందని ఏజెంటు చెప్పలేదు. సంతకాలు పెట్టిన కాగితాల కట్టలో ఆ సంగతి ఒక వాక్యంగా ఉందని ఇప్పుడు తెలిసింది. మొదటి చలికాలంలో గదులు వెచ్చబడలేదు, గ్యాసు బిల్లు భయపెట్టింది. ఈ మార్చిలో భర్త ఇంటి ముందువైపు ఉన్న ఏడు కిటికీల చెక్క రెక్కలు తీయించి వినైల్ అనే ప్లాస్టిక్ కిటికీలు పెట్టించారు. పర్మిట్ అక్కర్లేదని కాంట్రాక్టర్ భరోసా ఇచ్చాడు. కొన్ని వారాలకు టౌన్‌షిప్ నుంచి ఉల్లంఘన నోటీసు వచ్చింది. వచ్చే నెలలో ఊరి చారిత్రక పరిరక్షణ కమిషన్ ముందు విచారణ. పక్కలకూ వెనక్కూ ఉన్న పదకొండు కిటికీలను ఇంకా మార్చలేదు.

ఈలోగా అత్తగారికి మోకాలి ఆపరేషన్ జరిగింది. వరండా మెట్లు నాలుగూ ఎక్కలేకపోతున్నారు. ర్యాంపు కట్టిద్దామంటే దానికీ అదే కమిషన్ దగ్గరికి వెళ్ళాలన్నారు. భర్త కోపం హద్దు దాటింది. "అప్పు మనది, పన్ను కట్టేది మనం, కిటికీకి వాళ్ళ అనుమతి ఎందుకు? మనం కాబట్టే ఇలా చేస్తున్నారు" అంటున్నారు. ఎదురింటి పెద్దావిడే ఫిర్యాదు చేసిందని ఆయన అనుమానం. వీళ్ళు ఇంట్లో చేరిన రోజు అరటిపండు బ్రెడ్డు చేసి తెచ్చిన మనిషి ఆవిడ. ఇప్పుడు పలకరింపులు కూడా లేవు.

ఉత్తరంలో అసలు విషయం చివరి పేజీలో ఉంది. కిటికీలు తీస్తున్న రోజు కిటికీ పక్కన గోడలోని అర మీద బిగించిన చిన్న చెక్క మూత వెనుక ఒక వడ్రంగి పెన్సిలుతో రాసుకున్న పేరు, పక్కన 1894 అన్న అంకె ఈమెకు కనిపించాయి. ఆ మూతనూ పాత రెక్కలనూ చెత్తబండిలో పడేయబోతుంటే ఆపి గ్యారేజీలో పెట్టించారు. "నాకు ఆ కిటికీలే నచ్చాయి. ఆ మాట ఆయనతో అనలేదు. ఆరేళ్ళ క్రితం అన్నదమ్ముల పంపకాల్లో గోదావరి జిల్లాలోని వాళ్ళ మండువా ఇల్లు పడగొట్టారు. ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ లేచి వెళ్ళిపోతారు. విచారణలో నేను ఆయన పక్కన కూర్చుంటాను. నన్ను అడిగితే ఏం చెప్పాలి? నిజం చెబితే ఆయనకు ద్రోహం చేసినట్టా?" అని అడిగారు.

సమాధానం:

మీ ఉత్తరంలో రెండు తగాదాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి కిటికీలది. రెండోది, ఈ ఊరు మనదా కాదా అన్నది. కమిషన్‌కు మొదటిదాని మీదే అధికారం ఉంది. మీ భర్తను నిద్రపోనివ్వనిది రెండోది. ఈ రెంటినీ విడదీయకుండా విచారణకు వెళ్తే కిటికీల గురించి అడిగిన ప్రతి ప్రశ్నా ఆయనకు మీ కుటుంబం గురించి అడిగినట్టే వినిపిస్తుంది. కాబట్టి ముందు కమిషన్ అంటే ఏమిటో చెప్పి, తర్వాత మీ ఇంటి లోపలికి వస్తాను.

న్యూజెర్సీలో ఈ కమిషన్లను ఏర్పాటు చేసేది ఊరే. రాష్ట్ర పురపాలక భూవినియోగ చట్టం ఆ వీలు కల్పించింది. ఐదుగురు, ఏడుగురు లేదా తొమ్మిదిమంది సభ్యులుంటారు. వారిలో భవన నిర్మాణమో వాస్తు చరిత్రో తెలిసినవాళ్ళు కొందరు, ఊరి చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళు కొందరు, మామూలు పౌరులు కొందరు. సాధారణంగా జీతం లేకుండా పనిచేసే ఊరివాళ్ళే. రేపు మీరూ అందులో సభ్యులు కావచ్చు. దీన్ని మాటవరసకు చెప్పడం లేదు, మళ్ళీ ఈ సంగతికి వస్తాను. మీ నోటీసులో మీ ఇంటిని ఆ ప్రాంతపు చారిత్రక స్వరూపానికి తోడ్పడే కట్టడంగా పేర్కొన్నారని రాశారు. అంటే మీ ఇల్లు ఒక్కటే గొప్పదని కాదు. వీధిలోని ఇళ్ళన్నీ కలిసి ఒక కాలాన్ని చూపిస్తున్నాయని, వాటిలో మీదీ ఒకటని.

సాధారణంగా ఈ కమిషన్లకు ఇంటి లోపలి సంగతులతో పని ఉండదు. పూజగది ఎక్కడ పెట్టుకున్నా, వంటిల్లు ఎలా మార్చుకున్నా, గుమ్మానికి తోరణం కట్టినా అది వాళ్ళ విషయం కాదు. వీధిలో నిలబడితే కనిపించే ముఖమే వాళ్ళు చూసేది. అందుకే ఏడు కిటికీలతో ఇంత గొడవ. అవే గనక పెరటివైపు కిటికీలైతే వాళ్ళ పట్టుదల చాలా తక్కువగా ఉండేది.

మీ భర్త ఇంటర్నెట్ నుంచి కొన్ని కాగితాలు ముద్రించి పెట్టుకున్నారని, చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్‌లో ఉన్న ఇంటిని యజమాని ఏమైనా చేసుకోవచ్చని వాటిలో ఉందని రాశారు. అది నిజమే. 1966లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం కింద నడిచే ఆ జాబితా, సొంత డబ్బుతో సొంత ఇంటిని మార్చుకునే మనిషిని ఆపదు. అయితే మీకు నోటీసు వచ్చింది ఆ జాబితా వల్ల కాదు. మీ ఊరు చేసిన ఆర్డినెన్సు, అంటే స్థానిక చట్టం వల్ల. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం చాలామందికి జరిగేదే. విచారణలో ఆయన ఆ కాగితాలు తీస్తే కమిషన్ న్యాయవాది ఒక్క నిమిషంలో జవాబు చెబుతారు, ఆయన అందరి ముందూ చిన్నబోతారు. ఆ కాగితాలు ఇంట్లోనే ఉంచమని చెప్పండి. వాటికి బదులు మీ ఊరి ఆర్డినెన్సు ప్రతి ఒకటి తెప్పించుకుని ఇద్దరూ కూర్చుని చదవండి. అంత పెద్దదేమీ ఉండదు.

"సొంత ఇంటి మీద వేరేవాళ్ళ పెత్తనం ఏమిటి" అన్న ఆయన ప్రశ్న మాత్రం తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఈ దేశం దాని మీద దశాబ్దాలు కొట్టుకుంది. సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ నగరం 1931లో మొదటిసారి ఒక పాత పేటను మొత్తంగా రక్షిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. న్యూయార్క్ కదిలింది ఇంకా ఆలస్యంగా. 1963లో అక్కడి పెన్సిల్వేనియా రైలు స్టేషన్‌ను కూల్చడం మొదలుపెట్టారు. ఆ మహా కట్టడపు రాతి స్తంభాలనూ శిల్పాలనూ లారీల్లో తెచ్చి పోసింది మీ రాష్ట్రంలోనే, సెకాకస్ దగ్గరి చిత్తడి నేలల్లో. ఆ దృశ్యం చూసి జనం సిగ్గుపడ్డారు. 1965లో న్యూయార్క్ చట్టం చేసి తన కమిషన్‌ను ఏర్పాటు చేసుకుంది. తర్వాత గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద ఆకాశహర్మ్యం కడతామని దాని యజమానులైన రైల్వే సంస్థవాళ్ళు కోర్టుకెక్కారు. తమ ఆస్తిని ప్రభుత్వం పరిహారం లేకుండా లాక్కున్నట్టే అయిందన్నారు. 1978లో సుప్రీంకోర్టు ఆరుగురికి ముగ్గురి తేడాతో ఆ వాదనను తోసిపుచ్చింది. ఆస్తికి ఉన్న ఉపయోగం యజమానికి మిగిలే ఉన్నప్పుడు, దాని రూపాన్ని కాపాడమనడం లాక్కోవడం కాదన్నది అప్పటినుంచి నిలబడిన సూత్రం. అంత పెద్ద రైల్వే సంస్థకే దొరకని ఊరట ఏడు కిటికీలకు దొరుకుతుందని ఆశపెట్టుకోవడం ప్రమాదం.

ఇక "మనం కాబట్టే ఇలా చేస్తున్నారు" అన్న మాట. దాన్ని మీరు అత్తగారి ముందు కొట్టిపారేశారని రాశారు. దయచేసి అలా చేయకండి. ఈ దేశంలో వారసత్వ పరిరక్షణ ఎప్పుడూ అందరికీ సమానంగా సాగలేదు. సంపన్నుల భవనాలకు ఫలకాలు పెట్టిన కాలంలోనే నల్లజాతివాళ్ళ పేటలను బుల్డోజర్లు తుడిచిపెట్టాయి. బ్రూక్లిన్‌లో స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలో కట్టుకున్న వీక్స్‌విల్ అనే ఊరిని నగరం మరిచేపోయింది. 1968లో మిగిలిన కొన్ని ఇళ్ళు మళ్ళీ కంటబడ్డాయి, 1970లో రక్షణ దొరికింది. కాబట్టి ఎవరి ఇళ్ళు, ఎవరి చరిత్ర అని అనుమానించే హక్కు మీ భర్తకు ఉంది.

కానీ అనుమానం ఉన్నచోట రుజువు వెతకాలి, అదృష్టవశాత్తూ మీ రాష్ట్రంలో అది కష్టం కాదు. కమిషన్ సమావేశాలు బహిరంగమే. పాత తీర్మానాలు, సమావేశాల వివరాలు ప్రజా రికార్డుల చట్టం కింద అడిగి తీసుకోవచ్చు. టౌన్‌షిప్ క్లర్కుకు దరఖాస్తు ఇస్తే మామూలుగా ఏడు పనిదినాల్లో జవాబు రావాలి. గత ఐదేళ్ళలో మీ ప్రాంతంలో కిటికీల గురించి వచ్చిన దరఖాస్తులన్నీ అడగండి. మీలాంటి ఇంటికే, వీధివైపే, వినైల్‌ను ఒప్పుకున్న తీర్మానం ఒక్కటి దొరికినా మీ చేతిలో గట్టి ఆధారం ఉన్నట్టే. అప్పుడు మీ భర్త మాట కోపంగా కాక, సమానంగా చూడమని అడిగే వాదనగా నిలబడుతుంది. అలాంటిది దొరకకపోతే, అందరికీ అదే జవాబు చెప్పారని తేలితే, ఆయన మనసులోని బరువు కొంతైనా దిగుతుంది. ఈ పని ఆయన చేతనే చేయించండి. ఆయన కోపానికి ఒక పని కావాలి.

ఇప్పుడు కిటికీలు. ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే మీరు గ్యారేజీలో పెట్టించిన ఆ చెక్క రెక్కలే ఈ వ్యవహారంలో మీ పెద్ద ఆస్తి.

అమెరికాలో చాలా ఊళ్ళ కమిషన్లు ఆధారంగా తీసుకునేవి కేంద్ర ప్రభుత్వ ఆంతరంగిక శాఖ రూపొందించిన పది ప్రమాణాలు. వాటిలో ఒకదాని సారం ఇది: పాడైనదాన్ని ముందు బాగుచేయాలి. బాగుచేయలేనంతగా పాడైతేనే మార్చాలి. మార్చినప్పుడు ఆకారంలో, రంగులో, వీలైతే పదార్థంలోనూ పాతదానికి సరిపోవాలి. అంటే విచారణలో మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న "వినైల్ ఎందుకు?" అన్నది కాకపోవచ్చు. "పాతవి బాగుచేయలేనంతగా పాడయ్యాయా?" అన్నది కావచ్చు. దానికి జవాబు మీ గ్యారేజీలో ఉంది.

ఆ కాలపు కిటికీ రెక్కలు పైకీ కిందికీ జరుగుతాయి. గోడలోని అరలో ఇనుప గుండ్లు వేలాడుతుంటాయి, గిలక మీదుగా తాడు వాటిని రెక్కకు కలుపుతుంది. నూట ముప్ఫై ఏళ్ళ క్రితపు చెక్క ఎక్కువగా పాత అడవుల్లో నెమ్మదిగా పెరిగిన చెట్లది. వలయాలు దగ్గరదగ్గరగా ఉండి, ఈనాటి తోటల కలప కంటే గట్టిగా ఉంటుంది. తాడు తెగితే తాడు మార్చవచ్చు, పుట్టీ రాలితే మళ్ళీ పెట్టవచ్చు, ఒక అద్దం పగిలితే ఆ ఒక్కటే వేయవచ్చు. వినైల్ కిటికీలో రెండు అద్దాల మధ్య సీలు పోయి లోపల మంచు పట్టిందంటే బాగుచేసే దారి దాదాపు ఉండదు, కొత్తది కొనాల్సిందే. మీ కాంట్రాక్టర్ పాత చట్రంలోనే కొత్త కిటికీని దూర్చి బిగించాడని మీ వర్ణన బట్టి తెలుస్తోంది. అది మంచి వార్త. పాత చట్రం, బయటి చెక్క అంచులు గోడలోనే ఉంటే పాత రెక్కలు మళ్ళీ తమ చోటుకు చేరవచ్చు.

"మరి చలి?" అని మీ భర్త అడుగుతారు, అడగాలి కూడా. పాత కిటికీ నుంచి చలి వచ్చేది ఎక్కువగా రెక్కకూ చట్రానికీ మధ్య సందుల్లోంచి. ఆ సందులకు పట్టీలు బిగించి, బయటో లోపలో స్టార్మ్ విండో అని పిలిచే అదనపు అద్దపు తలుపు ఒకటి పెడితే, చలిని ఆపడంలో కొత్త కిటికీకి దగ్గరగా వస్తుంది. అటకను కూడా చూపించండి. వెచ్చని గాలి పైకి పోయే దారి అటకే. అక్కడ వెచ్చదనాన్ని పట్టే పొర వేయిస్తే కిటికీల మీద పెట్టిన డబ్బు కంటే ఎక్కువ ఫలితం కనిపించవచ్చు, దానికి ఏ కమిషన్ అనుమతీ అక్కర్లేదు. ఇంటిలో గాలి ఎక్కడ కారుతోందో పరీక్షించేవాళ్ళను ముందు పిలిచి ఉంటే ఈ గొడవ సగం తగ్గేది. ఇప్పుడైనా పిలవండి. వాళ్ళిచ్చే నివేదిక విచారణలో కూడా పనికొస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం అన్నిటికంటే ముందు. ఇంట్లో మూడేళ్ళ బాబు ఉన్నాడు. 1978లో నిషేధించేదాకా అమెరికా ఇళ్ళలో సీసం కలిసిన రంగులు వాడారు. పాత కిటికీ రెక్క జరిగినప్పుడల్లా ఆ రంగు రాపిడికి పొడిగా రాలుతుంది. గ్యారేజీలోని రెక్కలను ప్లాస్టిక్‌లో చుట్టి పెట్టండి, బాబును అటు వెళ్ళనివ్వకండి, డాక్టరు చేత రక్తంలో సీసం పరీక్ష చేయించండి. 1978కి ముందు కట్టిన ఇళ్ళలో ఈ పనులు చేసే కాంట్రాక్టర్లకు 2010 నుంచి కేంద్ర పర్యావరణ సంస్థ గుర్తింపు తప్పనిసరి. పర్మిట్ అక్కర్లేదని చెప్పిన మనిషికి ఆ గుర్తింపు ఉందో లేదో అడగండి. పాత రెక్కలను బాగుచేయించేటప్పుడు ఆ రంగును పూర్తిగా తీయించాలి. బిడ్డ ఆరోగ్యం ముందు వడ్రంగి సంతకం, కమిషన్ తీర్మానం ఏవీ లెక్కలోకి రావు.

మీ ముందున్న దారులు ఇవి, నాకు తోచినంత వరకు.

ముందువైపు ఏడింటిలో పాత రెక్కలు మళ్ళీ పెట్టిస్తామని ఒప్పుకుని, పనికి ఒక గడువు అడగడం మొదటిది. ఒకేసారి కాకుండా రెండు చలికాలాల మధ్య విడతలుగా చేస్తామనవచ్చు. వెనకవైపు కిటికీల విషయంలో మాకు కొంత వెసులుబాటు ఇవ్వండని అదే దరఖాస్తులో అడగవచ్చు. ఇలా ఇంటి ముఖాన్ని నిలబెడతామని వచ్చినవాళ్ళకు కమిషన్లు పట్టువిడుపు చూపడం కొత్త కాదు. వినైల్ మీద పెట్టిన డబ్బు చాలావరకు పోతుంది. తీసిన వినైల్ కిటికీలు వెనకవైపు ఏ చట్రానికైనా కొలత సరిపోతే అనుమతితో అక్కడ వాడుకోవచ్చేమో చూడండి. పాత కిటికీలు బాగుచేసే వడ్రంగి దొరకడం మీ ప్రాంతంలో కష్టం కాకపోయినా, వాళ్ళ దగ్గర వరుస పెద్దదిగా ఉంటుంది. ఇప్పుడే మాట్లాడి రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. ఈ దారిలో నష్టం డబ్బు రూపంలో ఉంటుంది, మీ భర్తకు ఓడిపోయామనిపించే అవకాశమూ ఉంటుంది.

రెక్కల్లో కొన్ని నిజంగానే పుచ్చిపోయి ఉంటే, వాటి బదులు అదే కొలత, అదే గడుల అమరిక ఉన్న కొత్త చెక్క కిటికీలు అడగవచ్చు. ఖరీదు ఎక్కువ. ప్రతి కిటికీ స్థితినీ ఫోటోలతో చూపించాలి. "అన్నీ పాడయ్యాయి" అన్న ఒక్క మాట చాలదు.

మూడోది పోరాటం. కమిషన్ కాదంటే, ఆ నిర్ణయం మీద ఊళ్ళో భూవినియోగ నిబంధనల వివాదాలు చూసే జోనింగ్ బోర్డుకు అప్పీలు చేసుకునే వీలు ఉంటుంది. న్యూజెర్సీ చట్టంలో ఆ గడువు ఇరవై రోజులే, కాబట్టి లాయరును ముందే చూసుకోవాలి. మీ అప్పీలు ఏ బోర్డుకు వెళ్తుందో, గడువు ఏ రోజు నుంచి లెక్కిస్తారో ఆయనే చెప్పాలి. ఈలోగా జరిమానాలు కొనసాగవచ్చు. ఉల్లంఘన తేలకుండా ఉంటే ఇల్లు అమ్మాలన్నా, మరో పర్మిట్ తీసుకోవాలన్నా అది అడ్డు వస్తుంది, అత్తగారి ర్యాంపుతో సహా. రికార్డుల్లో మిమ్మల్ని వేరుగా చూశారన్న ఆధారం దొరికితే ఈ దారి సరైనదే, నేనే వెళ్ళమంటాను. "నా ఇల్లు నా ఇష్టం" అన్న వాదన ఒక్కదానితో అయితే వద్దు. ఏజెంటు చెప్పలేదన్న ఫిర్యాదు న్యాయమైనదే కావచ్చు. అది ఏజెంటుతో తేల్చుకోవాల్సిన లెక్క. దానివల్ల ఇంటి మీద ఉన్న షరతు తొలగిపోదు.

పన్ను రాయితీ గురించి అడిగారు. పాత కట్టడాల మరమ్మతుకు కేంద్రం ఇచ్చే 20 శాతం రాయితీ అద్దెకో వ్యాపారానికో వాడే భవనాలకే. సొంతంగా ఉండే ఇంటికి రాదు.

అమ్మేసి వెళ్ళిపోవడం గురించి ఒక్క వాక్యమే రాశారు, అదీ మీ భర్త కోపంలో అన్న మాట. నేనూ దాని గురించి ఒక్క వాక్యమే రాస్తాను: కోపం మీద ఉన్నప్పుడు ఇల్లు అమ్మకండి.

ర్యాంపును కిటికీల దరఖాస్తుతో కలపకండి. ఇది ముఖ్యం. కిటికీల విషయంలో మీరు ముందు చేసి తర్వాత అడుగుతున్నారు. ర్యాంపు విషయంలో ముందే అడుగుతున్నారు, అవసరమూ స్పష్టంగా ఉంది. ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టానికి 1988లో వచ్చిన సవరణల ప్రకారం వైకల్యం ఉన్నవారికి తగిన సర్దుబాటు చేయాల్సిన బాధ్యత స్థానిక సంస్థలకూ ఉంది. అత్తగారి డాక్టరు దగ్గర ఉత్తరం తీసుకోండి. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలల ఇబ్బందా, శాశ్వతమైన సమస్యా అన్నది అందులో రాయించండి, రెండింటికీ చట్టం ఒకేలా వర్తించకపోవచ్చు. ఇక కొలత చూడండి. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు అన్నది ర్యాంపులకు వాడే లెక్క. మీ నాలుగు మెట్లు కలిపి ఇరవై ఎనిమిది అంగుళాలుంటే ర్యాంపు ఇరవై ఎనిమిది అడుగులు కావాలి. వీధివైపు అంత పొడవు పట్టదు, పట్టినా ఆవిడకు నడవడం కష్టం. పక్కవైపు వంటింటి తలుపు నేలకు దగ్గరగా ఉందని రాశారు. అక్కడ, పాత మెట్లను కోయకుండా, రేపు అవసరం తీరితే విప్పేయగలిగేలా చెక్కతో కట్టిస్తామంటే ఏ కమిషన్‌కైనా కాదనడానికి కారణం దొరకడం కష్టం. ఇంట్లో ఇన్ని గొడవల మధ్య ఆవిడ నెలరోజులుగా గడప దాటలేదన్నది నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. ఆ దరఖాస్తు ఈ వారమే ఇవ్వండి.

ఇక మీ భర్త. "మన దేశంలో ఇలాంటి కమిషన్లు లేవు" అన్నారట. పూర్తిగా అలా కాదు. హైదరాబాద్‌లో 1995 నుంచి వారసత్వ భవనాలకు ఒక నిబంధన, దానికి ఒక కమిటీ ఉండేవి. 2015లో ఆ నిబంధనను ఎత్తేశారు, 2017లో తెలంగాణ కొత్త చట్టం తెచ్చింది. అక్కడి ఇర్రం మంజిల్ అనే పాత భవనాన్ని కూల్చి అసెంబ్లీ కడతామన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. కానీ ఆయన అన్నదాంట్లో ఒక నిజం ఉంది. గోదావరి జిల్లా పల్లెల్లోని మండువా లోగిళ్ళకు ఇలాంటి రక్షణ ఏదీ అందలేదు. వాన నీళ్ళు నాలుగు వైపుల నుంచీ నడిమి వాకిట్లో పడే ఆ ఇళ్ళు పంపకాల్లో పోయాయి, టేకు స్తంభాలు పాత సామాన్ల కొట్లకు చేరాయి. ఏ కమిషనూ వచ్చి ఆగమనలేదు. ఆయన ఇల్లు పోతున్నప్పుడు ఎవరూ అడ్డుపడలేదు. ఇక్కడ ఎవరిదో వడ్రంగి చేసిన కిటికీ కోసం ఊరంతా అడ్డుపడుతోంది. ఆ కోపంలో ఈర్ష్య లాంటి దుఃఖం కొంత ఉందేమో అని నాకు అనిపిస్తోంది. ఇది నా ఊహే, ఆయనకు ఇది నా మాటగా చెప్పకండి. ఎప్పుడైనా నెమ్మదిగా, ఆ ఇంట్లో కిటికీలు ఎలా ఉండేవని అడగండి. చెబితే వినండి. లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి.

మీరు నేరుగా అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. పాత కిటికీలు మీకు నచ్చడం ద్రోహం కాదు. కానీ ఆ సంగతి ఆయన మొదటిసారి కమిషన్ సభ్యుల ముందు, మైకులో వినకూడదు. విచారణకు కనీసం రెండు వారాల ముందు ఇంట్లో చెప్పండి. పిల్లలు పడుకున్నాక గ్యారేజీకి తీసుకెళ్ళి ఆ చెక్క మూత మీది పేరు చూపించండి. "మీరు చేసింది తప్పు" అనకండి. ఆయన చేసింది పిల్లల గది వెచ్చగా ఉండాలని. ఆ మాట మీరే ముందు అనండి. తర్వాత ఇద్దరూ ఒక నిర్ణయానికి రండి. విచారణలో ఎవరు మాట్లాడాలో కూడా అప్పుడే తేల్చుకోండి. మీ ఉత్తరం చదివాక నాకు తోచింది, మాట్లాడాల్సింది మీరు. ఆయన పక్కన ఉంటే చాలు. ఏకాభిప్రాయం కుదరకపోతే వాయిదా కోరండి, లిఖితపూర్వకంగా, విచారణ తేదీకి ముందే. సభలో ఒకరినొకరు ఖండించుకోవడం కంటే వాయిదా నయం.

ఎవరైనా మిమ్మల్ని నేరుగా అడిగితే నిజమే చెప్పండి. చలి నిజం, బిల్లు నిజం, కాంట్రాక్టర్ మాట నమ్మడం నిజం, పాత రెక్కలను దాచిపెట్టడమూ నిజం. అవన్నీ ఒకే నోటితో చెప్పదగినవే.

ఎదురింటి పెద్దావిడ గురించి. ఫిర్యాదు ఆవిడే చేశారో లేదో మీకు తెలియదు. వీధిలో తిరిగే టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టరుకు ఏడు కొత్త కిటికీలు కనిపించకుండా ఉండవు. ఒకవేళ ఆవిడే చేసి ఉన్నా, యాభై ఏళ్ళుగా చూస్తున్న వీధి కాబట్టి చేసి ఉంటారు. ఆవిడ కమిషన్ సభ్యురాలు కాదని రాశారు కాబట్టి మాట్లాడటానికి అడ్డేమీ లేదు. కమిషన్ సభ్యులతో మాత్రం సమావేశం బయట ఈ కేసు గురించి మాట్లాడకండి, అది మీకూ వాళ్ళకూ ఇబ్బంది. ఆవిడ దగ్గరికి కిటికీల గురించి వాదించడానికి కాకుండా, మీ ఇంట్లో ముందు ఎవరెవరు ఉండేవారో అడగడానికి వెళ్ళండి. మీ అమ్మాయిని కూడా తీసుకెళ్ళండి. కౌంటీ ఆఫీసులో పాత దస్తావేజులు, ఊరి గ్రంథాలయంలో అగ్నిబీమా కంపెనీల కోసం గీసిన సాన్‌బోర్న్ పటాలు, 1900 నుంచి 1950 వరకు జనగణన పట్టికలు అన్నీ చూసుకోవచ్చు. ఇంటి చరిత్ర ఇలా రాసిపెట్టినవాళ్ళు ఊళ్ళో కొందరే ఉంటారు. ఆ పట్టికల్లో వేరే దేశాల నుంచి, వేరే భాషల నుంచి వచ్చినవాళ్ళ పేర్లూ మీకు కనిపించవచ్చు. ఆ జాబితాలో మీ ఇంటిపేరు చేరేది ఎలాగూ ఉంది.

ఈ గొడవ సర్దుకున్నాక కమిషన్‌లో ఖాళీ వస్తే దరఖాస్తు పెట్టండి. చలికాలంలో గ్యాసు బిల్లు చూసి భయపడ్డ మనిషి, నోటీసు అందుకున్న మనిషి, అత్తగారి ర్యాంపు కోసం తిరిగిన మనిషి ఆ బల్లకు అవతలివైపు కూడా ఉండాలి. కొనేవాళ్ళకు ఈ ప్రాంతం షరతులు ముందే, స్పష్టంగా, అర్థమయ్యే భాషలో చెప్పాలన్న ప్రతిపాదన మీలాంటివాళ్ళే పెట్టాలి. నియామకాలు చేసేది మేయరు. దరఖాస్తు కాగితం క్లర్కు దగ్గరే దొరుకుతుంది, రికార్డులు అడగడానికి వెళ్ళినప్పుడు దాన్ని కూడా ఒకటి తెచ్చుకోండి.